కుక్కుట శీతసూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: పొద్దుగూకకముందే కోళ్లను కమ్మండి, గంప మీద గోనె కప్పండి, తెల్లారగానే చిప్పలో నీళ్లు మార్చండి.

అవతారిక: పెదకాకాని ప్రాంతంలో ధనుర్మాసపు సాయంకాలాల్లో వంటింటి నుంచి వెలువడే సూత్రమిది. స్థలపురాణం ఆ ఊరి పేరును కాకితో ముడిపెట్టగా కోడికి వ్యాఖ్యానమెందుకని ఆక్షేపించేవారికి, కాకి తన గూడు తానే కట్టుకుంటుంది, కోడికి ఒకరు కట్టిపెట్టాలి అన్నదే సమాధానం.

టీక: కమ్మండి అనగా గంప బోర్లించి లోపల ఉంచండి. పొద్దుగూకకముందే అనడంలో స్వారస్యమేమంటే, చీకటి పడితే కోడికి చూపు ఆనదు, పిల్లికి ఆనుతుంది.

గోనె కప్పండి అన్నచోట వ్యాఖ్యాతకు అసలు పని పడుతుంది. ఎదిగిన కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. దానికి 18 నుంచి 24 డిగ్రీల గాలి హాయిగా ఉంటుంది. గుంటూరు సీమ చలిరాత్రులు మామూలుగా ఆ లెక్క దరిదాపుల్లోనే ఉంటాయి కనుక, ఇక్కడ గోనె కోరేది కోడి కాదు, దుప్పటి కప్పుకున్న మనిషి. పైగా గోనె నేలదాకా దించితే ఊపిరి తేమ, రెట్టలోంచి పుట్టే అమ్మోనియా లోపలే నిలిచి, చలి చేయని చేటు గంప చేస్తుంది. కాబట్టి గాలి కొట్టే వైపు కప్పి, ఎదుటి వైపు జానెడు వదలండి అని అర్థం చెప్పుకోవాలి. ఆ గోనె పాత మిరప టిక్కీ అయితే తుమ్ములు కప్పినవారికే. పక్షులకు మిరప ఘాటు తెలియదు. పిల్లల సంగతి వేరు: వాటికి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆపై వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. బల్బు కిందికి గుంపుగా చేరితే చలి, దూరంగా పారిపోతే వేడి, అంతటా సర్దుకు పడుకుంటే సరి.

నీళ్లు మార్చండి: శీతల దేశాల్లో చిప్పలో నీరు గడ్డకడుతుంది, పెదకాకానిలో మంచంటే పొగమంచే కనుక ఆ బాధ లేదు. ఇక్కడి చిక్కు కోడి తాగకపోవడం. మామూలుగా తిన్న మేత బరువుకు దాదాపు రెట్టింపు నీళ్లు తాగే కోడి చలికి దాహం తగ్గించుకుంటే, కొక్కెర తెగులు రాకుండా నీళ్లలో కలిపే లసోటా టీకా చిప్పలోనే మిగులుతుంది. (ఇది వ్యాఖ్యాతల టీకా కాదు, అదైతే ఎప్పుడూ మిగిలేదే.) అందుకే టీకా కలిపే ముందు గంటో రెండు గంటలో నీళ్లు ఆపుతారు, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు వాడరు.

తాత్పర్యం: పొడి నేల, ఆడే గాలి, తాజా నీళ్లు.

విశేషం: సూత్రంలోని మూడు క్రియలకూ కర్త లోపించింది. లేని పదాన్ని సందర్భాన్ని బట్టి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఇంటి యజమానిని అధ్యాహరించాలని వ్యాకరణం చెబుతున్నా, కోళ్లు కమ్మే వేళకు ఆయన సెంటర్‌లో టీ తాగుతూ ఉంటాడు కనుక, సూత్రం చెప్పినావిడే కొంగు బిగించి గంప ఎత్తుతుంది.