ముందు నీళ్లు చూడు, తర్వాత చేపల్ని చూడు

మా రోజుల్లో రంగుచేపల అంగడికి పోతే అంగడాయన మొదట అడిగే మాట ఒకటే. "మీ ఇంట్లో ఏం నీళ్లు? బోరువా, కుళాయివా?" ఆ తర్వాత తొట్టి కొలత అడిగేవాడు. ఆ తర్వాత, తొట్టిలో ఇప్పటికే ఏమేం ఉన్నాయని అడిగేవాడు. ఈ మూడూ చెప్పందే వల చేతికి తీసుకునేవాడు కాదు.

ఇప్పుడు తిరుపతిలో అక్వేరియం అంగళ్లకు కొదవ లేదు. పిలకాయలు వస్తారు, అద్దం మీద వేలు పెడతారు. "ఆ ఎర్రవి రెండు, నీలంవి రెండు, చారలది ఒకటి" అంటారు. అంగడాయన అన్నింటినీ ఒకే కవర్లో పోసి ఇచ్చేస్తాడు. ఒక్క ప్రశ్న ఉండదు. వారం తిరగకముందే మళ్లీ వస్తారు, చచ్చినవాటికి బదులు కొత్తవి కొనుక్కోవడానికి. ఎందుకు చచ్చాయని వాళ్లూ అడగరు, ఈయనా చెప్పడు. అది చూస్తే నాకు కడుపు మండుతుంది.

మేం చేపల కోసం మద్రాసు పోయేవాళ్లం. సెంట్రల్ స్టేషన్ పక్కనే మూర్ మార్కెట్ ఉండేది. 1985లో కాలిపోయేదాకా పాత పుస్తకాలు, పక్షులు, రంగుచేపలు అన్నీ అక్కడ దొరికేవి. పొద్దున రైలెక్కి పోయి, చేపల కవరు ఒళ్లో పెట్టుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్లం. తిరుత్తణి, పుత్తూరు దాటేటప్పటి ఎండకు నీళ్లు కాగకుండా కవరుకు తడిగుడ్డ చుట్టేవాళ్లం. తొట్టి అంటే ఇనుప యాంగిల్ ఫ్రేము, పుట్టీతో బిగించిన అద్దాలు. అంత కష్టపడి తెచ్చుకునే చేప కాబట్టి దేని పక్కన దేన్ని వదలాలో ముందే ఆలోచించేవాళ్లం. ఇప్పుడు సరుకు మద్రాసులోని కొళత్తూరు నుంచి, తిరువళ్లూరు జిల్లా చేపల తోటల నుంచి మన వాకిట్లోకే వస్తోంది. రావడం మంచిదే. ఆలోచన ఎందుకు పోవాలి?

నీళ్ల సంగతి అన్నింటికంటే ముందు ఎందుకంటే, మన పక్క బోరునీళ్లు చాలాచోట్ల గట్టివి. కాగబెడితే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ సున్నపు నీళ్లలో మోలీ, ప్లాటీ, గప్పీ హాయిగా బతుకుతాయి. అవి గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. నియాన్ టెట్రా, డిస్కస్ అట్లా కాదు. అమెజాన్ అడవిలో ఆకులు నాని టీ రంగుకు తిరిగిన మెత్తటి నీళ్లు వాటి పుట్టిల్లు. ఆ నీళ్ల పీహెచ్ ఆరు దగ్గర, ఒక్కోచోట అంతకన్నా కిందే ఉంటుంది. మోలీకి ఏడున్నర పైన ఉంటే బాగు. ఈ రెంటినీ ఒకే తొట్టిలో వేస్తే ఏదో ఒకటి కుంగుతుంది. కొట్లాట ఉండదు, గాయం ఉండదు. ఊరికే రంగు తగ్గి, మేత మానేసి, ఓ మూల చేరిపోతుంది. పిలకాయలు దానికి రోగమొచ్చిందనుకుని నీళ్లలో మందు పోస్తారు. కల్యాణి డ్యాం, కండలేరు నుంచి వచ్చే కుళాయినీళ్లు పట్టుకునేవాళ్లకైనా క్లోరిన్ పోయేదాకా బక్కెట్లో ఒక రోజు నిలవబెట్టాలని ఎవరూ చెప్పడం లేదు.

ఇక పెరుగుదల. నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి ఉంది. స్వామి అక్కడ మత్స్యరూపంలో ఉంటాడు. సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన పిల్లచేప కమండలం చాలదంటుంది, కుండ చాలదంటుంది, చెరువూ చాలదంటుంది, చివరికి సముద్రం చేరుతుంది. ఈ కథ తెలియని ఇల్లు మా చిన్నప్పుడు లేదు. ఇప్పుడు ఆ గుడికి పోయి దండం పెట్టుకుని వచ్చినవాళ్లే రెండడుగుల తొట్టిలో బెత్తెడు "షార్కు"ను వదులుతున్నారు. అది సొరచేప కాదు నాయనా, పంగస్! కృష్ణా, పశ్చిమగోదావరి చెరువుల్లో టన్నులకొద్దీ పెంచి, మన చేపల మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే చేప. వదిలేస్తే మీటరు దాటి పెరుగుతుంది. "పిరానా" అని చెప్పి అంటగట్టేది చాలావరకు రూప్‌చందే, అదీ కూరచేపే. ఆస్కార్ అడుగు పెరుగుతుంది, నోట్లో పట్టిన ప్రతి చేపనూ మింగుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో పట్టేది 56 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలే జాగా పోను 45 మిగిలితే ఎక్కువ. అంగట్లో చేప కొలత చూడడం కాదు, అది ముసలిదయ్యేనాటి కొలత చూడాలి.

గుణం కూడా చూడాలి. టైగర్ బార్బ్ పక్కన ఏంజెల్‌ని పెట్టకూడదని మా కాలంలో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఏంజెల్ కింద వేలాడే పొడవాటి రెక్కలు కనిపిస్తే బార్బ్ కొరక్కుండా ఉండలేదు. బార్బ్‌లను ఒకటో రెండో తెస్తే ఇంకా దుర్మార్గం. గుంపులో బతికే చేప అది, ఎనిమిది పది ఉంటే తమలో తాము తరుముకుని మిగతావాటిని కొంత వదిలేస్తాయి. ఏంజెల్ కూడా సాధువు కాదు. చిన్నప్పుడు నియాన్‌లతో కలిసి తిరుగుతుంది, అరచేయంత అయ్యాక వాటినే తింటుంది. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, 20 డిగ్రీల దగ్గర. డిస్కస్‌కు 28 పైన కావాలి. తిరుపతి మే నెలలో గోల్డ్ ఫిష్ పడే బాధ చూడలేం, వేడినీళ్లలో ప్రాణవాయువు తక్కువ. దాని పక్కనే "గాజు కడుగుతుంది" అని చెప్పి సక్కర్‌ని అమ్ముతారు. ఆకలేస్తే రాత్రిపూట అది గోల్డ్ ఫిష్ ఒంటి జిగురునే పీలుస్తుంది.

ఆరోగ్యశాఖ వాళ్లు దోమల కోసం వదిలే గంబూసియాను నీళ్లతొట్టి నుంచి పట్టుకొచ్చి గప్పీలతో కలిపేవాళ్లు కూడా తయారయ్యారు. చూడ్డానికి ఆడగప్పీలాగే ఉంటుంది. 1928లో మన దేశానికి తెచ్చింది దోమపిల్లల్ని తినడానికే గానీ, తోడుచేపల తోకలు కొరకడం దాని స్వభావం.

ఫ్లవర్‌హార్న్ సంగతి చెప్పకుండా ఉండలేను. 1990లలో మలేసియా వైపు సంకరం చేసి పుట్టించిన చేప. దాని నుదుటి బొడిపె అదృష్టమని, వాస్తుకు మంచిదని వేలు పోసి కొంటున్నారు. ఇంకో చేపను బతకనివ్వని దాన్ని తెచ్చి, తోడుగా నాలుగు మోలీలు వేస్తారు. తెల్లారేసరికి మోలీలు ఉండవు. మన చెరువుల్లో ఉండే గాజుచేపకు సూదితో రంగులెక్కించి అమ్మడం కూడా చూశాను. లోపలి ఎముక కనిపించేంత స్వచ్ఛమైన ఒళ్లు దానిది. అట్లాంటి చేపకు రంగెందుకు!

ఇప్పటి రోజుల్లో మేలు లేదనను. మంచి ఫిల్టర్లున్నాయి, నీటిలో అమ్మోనియా ఎంతుందో చెప్పే చుక్కల మందులున్నాయి, మాకు అవి లేవు. అయితే ఎవరు వాడుతున్నారు? కొత్త తొట్టిలో చేప మలం అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన గట్టి నీళ్లలో పీహెచ్ ఎక్కువ కాబట్టి అమ్మోనియా విషం ఇంకా ఎక్కువ. తొట్టి కొన్న సాయంత్రమే ఇరవై చేపలు వదిలితే ఏ జోడీ కుదిరినా లాభం లేదు.

పెరిగిపోయిన చేపల్ని ఏం చేస్తున్నారో చెప్తే అసలు బాధ. చెరువులో, కోనేట్లో వదిలేస్తున్నారు. పుణ్యం అనుకుంటున్నారు! హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లతో తూర్పుకనుమల జలాశయాల్లో ఈ సక్కర్ జాతి ఎంతగా పాకిందో చూపించారు. అది ముళ్లరెక్కలతో వలలు చించుతుంది, గట్ల అంచున బొరియలు తవ్వుతుంది, తినడానికి పనికిరాదని జాలర్లు గట్టున పారేస్తారు. మన పరకలు, గాజుచేపలు ఉండాల్సిన జాగా అది.

రెండడుగుల తొట్టికి ఏం వేయాలని అడిగితే నేను చెప్పేది ఇదే. అయిదారు ప్లాటీలు, వాటిలో మగవి రెండుకు మించకూడదు. పైన తిరగడానికి ఆరు జీబ్రాలు. అవి మన దేశపు వాగుల చేపలే, చలికీ ఎండకీ ఓర్చుకుంటాయి. పొడవు తోక గప్పీలు వద్దు, జీబ్రాల హడావుడికి తట్టుకోలేవు. అడుగున నాలుగైదు కోరీలు, కింద సన్న ఇసుక. ఇవన్నీ ఒక్క రోజు కాదు, రెండు మూడు వారాల ఎడంతో వదలాలి. ఇంత చెప్పినా మా వీధి పిలకాయలు "తాతా, వీటిల్లో పెద్దది ఒక్కటీ లేదే" అని మొహం ముడుస్తారు. పెద్దది కావాలంటే ఆరడుగుల తొట్టి కట్టించుకోమనండి, దాంట్లో దాన్ని ఒక్కదాన్నే పెంచమనండి. నేనే వచ్చి నీళ్లు చూసి పెడతాను.