కొళాయి అందింది, ఇక నీళ్లు పంపించండి

మహారాజశ్రీ నీటి సరఫరా పెద్దసారు గారికి అనంతపురం జిల్లాలోని ఒక చిన్న ఊరి జనం చేసుకునే బహిరంగ విన్నపం.

అయ్యా,

తమరు పెట్టించిన కొళాయి క్షేమం. నీళ్లు తగలక తుప్పు కూడా పట్టలేదు. ఇంటింటికీ కొళాయి ఉన్న ఊళ్ల జాబితాలో మా పేరు ఎక్కిందట, సంతోషం. ఈ వేసవికి ఆ జాబితా నకలు ఒకటి పంపిస్తే కడవల్లో నింపుకుంటాం.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంది. మేం 600 మందిమి. ఏడాదికి కోటీ ఇరవై లక్షల లీటర్లవుతుంది. మాది కరువు సీమే అయినా, సగటున ఏటా 500 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. ఎకరం మీద 500 మిల్లీమీటర్లు కురిస్తే 20 లక్షల లీటర్లు. అందులో ముప్పాతిక ఎండకూ నేలకూ పోయినా, 24 ఎకరాల వాన మా దాహానికి చాలు. మా చెరువులోకి వంక మోసుకొచ్చేది వందల ఎకరాల నీరు. అందుకే వానదేవుడి మీద పెట్టాల్సిన అర్జీ తమరికి మళ్లించాం.

రోగం ఏమిటో పాత రాయి ఒకటి చెబుతోంది. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించి, 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో ఉన్నాయి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటం ఒక దోషం. మా చెరువుకు పట్టింది అదే. కట్ట ఒక శాఖది, ట్యాంకు ఇంకో శాఖది, బోరు పంచాయతీది, వంకకు అడ్డంగా పడిన రోడ్డు మరొకరిది. పూడిక తీయమన్నా, సర్కారు తుమ్మ కొట్టించమన్నా, ప్రతివారూ పక్కవారి ఆఫీసుకు దారి చూపిస్తారు.

మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపు వేరే బోరు వేయడంపై 2002 నాటి వాల్టా చట్టం ఆంక్ష పెట్టింది. బోరు లారీ రాత్రిపూట వస్తుంది, చట్టం పగలు డ్యూటీ చేస్తుంది. చీనీ తోటల బోర్లు లోతుకు పోయేకొద్దీ మా బోరు గాలి కక్కుతోంది. తమరు ముందు కొళాయి బిగించారు, తర్వాత గొట్టం వేశారు, ఆ తర్వాత ట్యాంకు కట్టారు. చివరికి అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటిజాడ వెతికించారు. ఆ భాస్కరుడి చెరువు మీద రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు పనిచేశారట. ముందు నీళ్లు నిలబడితేనే తక్కినవని వాళ్లకు ఎవరు చెప్పారో!

మా కోరికలు మూడే. వంక, కట్ట, మరువ, బోరు ఒకే అధికారి సంతకం కిందికి తెండి. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి భూగర్భజలం లోతు కొలిపించి, చావడి గోడ మీద రాయించండి. రబీ పంటలు వేయకముందే తాగునీటి వాటా తీసి పక్కనపెట్టే హక్కు గ్రామసభకు ఇవ్వండి, ఆ వాటాను కాపాడే నీరుగంటికి జీతం ఇప్పించండి. కొత్త కొళాయిలు మాత్రం వద్దు.

పూడికతీతకు ఫొటో ఏం బాగుంటుందని వెనకాడకండి. ఆ 12 అంగాల్లో మొదటిది, శాశ్వత కీర్తిని కోరే రాజు. ఆ అంగానికి లోటు లేదని బస్టాండులో తమరి ఫ్లెక్సీలు సాక్ష్యం చెబుతున్నాయి. మిగతా పదకొండే బాకీ.

ఇట్లు,
ఖాళీ బిందెలవాళ్లు