నొప్పి లేని మోకాలు

2025లో యోగాంధ్ర జరిగిన నెల అది. మే 21న మొదలై జూన్ 21న విశాఖ సాగరతీరంలో 3 లక్షల మందితో ముగిసింది. ఆ నెలంతా రాష్ట్రంలో ఊరూరా చాపలు పరిచారు. పలాస-కాశీబుగ్గలో ఒక చోట పొద్దున్నే నేనూ యోగా నేర్పాను.

ముందు వరసలో ఒకావిడ కూర్చునేది. యాభై దాటి ఉంటాయి. వజ్రపుకొత్తూరు వైపు పల్లె. ఇక్కడ కార్ఖానాలో జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ జీడి తగిలి వేళ్ళు నల్లబడ్డాయి. భర్త నాలుగేళ్ళు డయాలసిస్ మీద బతికి పోయాడు. "నాకా జబ్బు రాకండా ఇదన్నా సేద్దారని ఒచ్చాను బాబూ" అంది మొదటి రోజు.

మూడో రోజు పద్మాసనం. కుడి పాదం తొడ మీదికి రావడం లేదు. "మోకాలు లాగేస్తంది" అంది. నేను వంగి ఆ మోకాలిని నేలకు నొక్కాను. "నొప్పి అనకూడదమ్మా. అనుకుంటేనే నొప్పి" అన్నాను.

పద్మాసనంలో తిరగాల్సింది తుంటి కీలు. అది బిగిసి ఉంటే మెలికంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు ముడవడానికి, చాపడానికే గాని మెలితిప్పడానికి కాదు. బలవంతం చేస్తే లోపలి గుజ్జు నలుగుతుంది. మడిచిన దుప్పటి మీద కూర్చోబెట్టి సుఖాసనం వేయిస్తే చాలు. ఇవన్నీ నాకు తెలుసు. ఆసనం సుఖంగా ఉండాలని పతంజలి చెప్పిందీ తెలుసు. అయినా వరసంతా ఒక్కలా కనబడాలన్న ఆశ నాది.

వారం తిరిగేసరికి ఆమెకు పద్మాసనం కుదిరింది. మళ్ళీ ఒక్కనాడూ నొప్పి అనలేదు. ఆఖరి రోజున ఆమెను అందరి ముందుకూ పిలిచి, "పట్టుదలంటే ఇదీ, చూసి నేర్చుకోండి" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆమె సిగ్గుపడింది.

వానలు పడ్డాక, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి బయట కనబడింది. పాదాలు వాచి ఉన్నాయి. చేతిలో రక్తపరీక్ష కాగితం. క్రియాటినిన్ 3 దాటింది. లోపల ఎప్పటినుంచో ఉన్న జబ్బును నొప్పి మాత్రలు ముదరబెట్టాయని డాక్టరు చెప్పారట. డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీలకు వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటోడ్చి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే మరీ చేటు. ఈ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు చూడని వీధి లేదు. ఆమె అయితే ఇంట్లోనే చూసింది. నాకు కోపం వచ్చింది.

"అన్నీ తెలిసి అవెందుకు మింగారమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"నొప్పనొద్దని మీరే అన్నారు కదేటి బాబూ. అందికే రోజూ మీకాడికి ఒచ్చీముందు ఒక బిళ్ళేసుకొచ్చీదాన్ని."