మట్టి కూడా కొనుక్కోవాలా?

మా రోజుల్లో ఇంటి కూరగాయలకి డబ్బు పెట్టడం ఎరగం. కోనసీమలో ఏ పెరడు చూసినా నూతి పక్కన అరటి, స్నానాల నీళ్లు పారేచోట చేమ, దడి మీద చిక్కుడు, పాక మీదికి ఆనప తీగ. ముదిరిన బీరకాయని చూరుకి కట్టి ఉంచితే, మృగశిర కార్తెలో దాని గింజలే పాదుకి వచ్చేవి. పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లేవారు. పెరట్లో ఓ మూల పెంటపోగు ఏడాది పొడుగునా మాగుతూ ఉండేది.

ఇప్పుడు పెరళ్లు పోయి మేడల మీదికి కూరగాయలు పెంచే పెట్టెలొచ్చాయి. పెట్టెల మీద నాకేం కోపం లేదు. మెల్ బార్తలమ్యూ అనే అమెరికా ఇంజనీరు 1981లో పుస్తకం రాసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. నాలుగడుగుల చదరాన్ని అడుగు చొప్పున 16 గళ్లు చేస్తారు. గడికి టమాటా అయితే 1, పాలకూర 9, ముల్లంగి 16. నాలుగడుగులే ఎందుకంటే, ఏ పక్క నిలబడినా చెయ్యి రెండడుగులు అందుతుంది. లోపలికి దిగి మట్టిని తొక్కే పని లేదు. తొక్కని మట్టి గుల్లగా ఉంటుంది, వేరు సులువుగా దిగుతుంది. చోటు లేనివాళ్లకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు.

నా బాధల్లా ఆ పెట్టెలో పోసేదాని గురించే. మా వైపు పీచు తీసేచోట కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉండేది, ఎవరూ ముట్టేవారు కాదు. ఇవాళ దాన్నే ఇటుకల్లా నొక్కి కోకోపీట్ అని అమ్ముతున్నారు. తేమ పట్టి ఉంచుతుంది, కాదనను. కానీ అందులో మొక్కకి తిండి దాదాపు ఉండదు. సరిగ్గా కడగనిదైతే ఉప్పు కూడా ఉంటుంది. బలమంతా ఎరువుదే. ఆ ఎరువూ సంచుల్లో కొంటున్నారు! అదే ఇంట్లోంచి కూరగాయ తొక్కలు, అరటి తొక్కలు, టీ పిప్పి రోజూ పొద్దున్నే చెత్తబండి ఎక్కుతున్నాయి. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. విత్తనాలూ అంతే. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే తల్లి పోలిక రాదు, మళ్లీ కొట్టుకి వెళ్లాల్సిందే. నాటు బీర, నాటు వంగ వేసుకుంటే ఆ అవసరం ఉండదు.

బరువు సంగతి కూడా అడిగేవాళ్లు లేరు. నాలుగడుగుల పెట్టెలో ఆరంగుళాల మామూలు మట్టి పోసి తడిపితే మూడు నాలుగు క్వింటాళ్లవుతుంది. శ్లాబు మోస్తుందో లేదో కట్టిన మేస్త్రీని కాదు, ఇంజనీరునే అడగాలి. తీగ పందిరి ఉత్తరం పక్కన వెయ్యాలి, లేకపోతే మిగతా మొక్కల మీద నీడ పడుతుంది. వేసవిలో పెట్టె నేలకంటే తొందరగా ఎండుతుంది. రెండు పూటలా నీళ్లు తప్పవు.

పెట్టె కొనుక్కోండి, తప్పులేదు. దానికంటే ముందు ఓ పాత డ్రమ్ముకి చిల్లులు పెట్టి, తొక్కలు ఓ వరస, ఎండుటాకులు ఓ వరస వేస్తూ, గుప్పెడు పెరటి మట్టో పుల్లటి మజ్జిగో కలపండి. అప్పుడప్పుడు తిరగేస్తుంటే మూడు నాలుగు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. ఈ వేసవిలో మొదలుపెడితే వానల తరవాత వేసే మొక్కలకి అందుతుంది.