నష్టాల వైద్యులు

కరెంటు సంస్థ నష్టాల్లో పడిందని తెలియగానే సలహాదారులవారు విమానం దిగుతారు. స్తంభం ఎక్కరు, సబ్‌స్టేషన్ గడప తొక్కరు. ఏసీ గదిలో స్లైడ్లు వేస్తారు: బోర్డును ముక్కలు చెయ్యండి, చార్జీలు పెంచండి, పంపిణీని ప్రైవేటుకు అప్పగించండి. ఏ రాష్ట్రానికైనా అదే మందు. చీటీ మీద రోగి పేరొక్కటే మారుతుంది.

ఈ వైద్యం 1996లో ఒడిశాలో మొదలైంది. ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది, విదేశీ నిపుణులు దిగారు. తర్వాత ఈ వైద్యాన్ని సమీక్షించిన కానుంగో కమిటీ లెక్క తీస్తే సలహాదారులకే 306 కోట్లు పోసినట్టు తేలింది. నష్టాలు తగ్గాయా? అవి ముందు చెప్పినదానికంటే ఎక్కువేనని బయటపడింది. అదీ ఒక ఆవిష్కరణే! మధ్య ఒడిశా పంపిణీని చేతుల్లోకి తీసుకున్న అమెరికా కంపెనీ ఏఈఎస్ 2001లో మూటాముల్లె సర్దుకుంది.

ఆ ఫలితం తేలకముందే మందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కూ పట్టారు. 1999 ఫిబ్రవరిలో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏపీఎస్‌ఈబీ ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోగా చీలింది. మరుసటి ఏడు నాలుగు పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, పుట్టాయి, చార్జీలూ పెరిగాయి. అడగడానికి వచ్చిన జనం మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు పోయారు. నివేదికల భాషలో దీన్ని 'అమలులో ఎదురైన ఇబ్బంది' అంటారు కాబోలు.

ఇంతకీ నష్టం ఎక్కడ దాక్కుంది? పంపుసెట్లకు మీటర్లు లేకపోతే వాటి వాడకం అంచనాయే. ఆ అంచనాను కాస్త ఉబ్బిస్తే చాలు, పట్నంలో జరిగే చౌర్యమూ, పాత తీగల్లో పోయే యూనిట్లూ రైతు పద్దులో కలిసిపోతాయి. కాగితం మీద నష్టం తగ్గుతుంది, రైతు దొంగవుతాడు. నిజంగా నష్టం తగ్గాలంటే మోటారుకు కెపాసిటర్ బిగించాలని, పొడవాటి ఎల్‌టీ లైన్లు తగ్గించి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాలని సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరుకు ఎప్పటినుంచో తెలుసు. పాపం, ఆయన సలహాకు ఫీజు లేదు, అందుకే విలువా లేదు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో రైతులే చందాలు వేసుకుని ట్రాక్టరు మీద మరమ్మతు షెడ్డుకు చేరుస్తున్నారు.

సలహాదారులకు డిస్కం కట్టే ఫీజులు దాని ఖర్చులో కలుస్తాయి, ఆ ఖర్చు మన బిల్లులో తేలుతుంది. చార్జీలు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) ఏటా బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. ఈసారి రెండే అంకెలు పక్కపక్కన వేసి చూపమని రాయండి: సలహాకు కట్టింది ఎంత, దానివల్ల తగ్గిన నష్టం ఎంత.