‘ఫస్టు హాఫు బాగె’ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
ఫస్టు హాఫు బాగె ఫైట్లును పాటలున్
సెకనుడాఫు ల్యాగు చేసినాడు
కథయు పాతదేను కాలము గడిచేను
ఒక్కసారి చూడ నోర్వవచ్చు

అవతారిక: కొత్త సినిమా విడుదలైన ఉదయం, మొదటి ఆట విడిచిన వేళ, హాలు మెట్ల మీద మైకు ఎదురుపడగా ప్రేక్షక మహాకవి ఆశువుగా చెప్పిన చాటువిది. కర్త పేరు తెలియదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒకరూ, ప్రసాద్స్ ముందు మరొకరూ, బెజవాడలో ఇంకొకరూ ఏ సినిమాకైనా ఇదే చెబుతున్నారు గనుక జానపదుల ఉమ్మడి సొత్తుగా ఎంచడం మేలు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమలోని కొలిచెలమవాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం: ఫస్టు హాఫు = విశ్రాంతికి ముందరి భాగము, అనగా బండి పార్కింగులో పెట్టి, చీకట్లో సీటు వెతుక్కున్నాక మిగిలినది; బాగె = బాగే ఉన్నది (ఇంకా ఆశ చావలేదని భావము); ఫైట్లును పాటలున్ = తన్నులాటలును, గానములును (బాగే యని అన్వయము); సెకనుడాఫు = కథ చెప్పక తప్పని భాగము; ల్యాగు చేసినాడు = సాగదీసెను (ఇచట కర్త దర్శకుడు; హీరో యని అర్థము చెప్పినవాడు అభిమానులకు దొరకరాదు); కథయు = కథ కూడ (అన్నీ అయ్యాక గుర్తొచ్చినదని ‘యు’ వలన తెలియుచున్నది); పాతదేను = మునుపు చూచినదే; కాలము గడిచేను = పొద్దు పోవును; ఒక్కసారి = రెండోసారి కాదు; చూడన్ = చూచుటకు; ఓర్వవచ్చు = తట్టుకొనవచ్చును.

తాత్పర్యం: సుగమము.

విశేషాలు: మొదట సంధులు. పదో శతాబ్దంలో ధనంజయుడు రాసిన దశరూపకం నాటకానికి ముఖం, ప్రతిముఖం, గర్భం, అవమర్శం, నిర్వహణం అని అయిదు సంధులు చెప్పింది. మన కవి ఎరిగింది ఒక్కటే, దాని పేరు ఇంటర్వెల్. ‘బ్యాంగ్’ ముందు కుదుర్చుకుని, అటూ ఇటూ కథ అతికినట్టు కనిపించే సినిమాలు కొల్లలు కాబట్టి కవిని తప్పుపట్టలేం. అదే గ్రంథం రంగం మీద కళ్లారా చూపకూడనివి కొన్ని లెక్కపెట్టింది: దూరప్రయాణం, వధ, యుద్ధం, భోజనం, స్నానం వగైరా. సెన్సారువారు ఈ పట్టీ పట్టుకు కూర్చుంటే ‘సలార్’లో టైటిళ్లు, ‘దేవర’లో సముద్రం మిగులుతాయి. ‘బలగం’ పరిస్థితి ఇంకా కష్టం, అందులో భోజనం తీసేస్తే కథే లేదు. ఆ సంగతి ముందుంది.

నాయకులు నలుగురు: ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. పూర్వం ఒక్కో నాటకానికి ఒక్కొక్కడు సరిపోయేవాడు. ఇప్పటి హీరో మొదటి పాటలో లలితుడు, ఇంటర్వెల్లో ఉద్ధతుడు, పతాక సన్నివేశంలో ఉదాత్తుడు. శాంతుడి వేషం మాత్రం ఖాళీగా ఉండేది. 2024లో ‘లక్కీ భాస్కర్’ దాన్ని భర్తీ చేసింది. బొంబాయి బ్యాంకులో అప్పుల్లో మునిగిన గుమాస్తా, చూపులకు మెత్తనివాడు, 1992 నాటి షేర్ల కుంభకోణం నీడలో కోట్లు వెనకేసుకుంటాడు. వాడు పట్టుబడకూడదని మనం కుర్చీ అంచున కూర్చుని మొక్కుకుంటాం. పట్టుబడడు కూడా. బయటికి వచ్చినవాళ్లు ‘స్క్రీన్‌ప్లే టైట్’ అన్నారు. దొంగ గెలవాలని రెండున్నర గంటలు కోరుకున్నామే, అదేమిటని ఒక్కరూ తమను తాము అడగలేదు. ఈ వ్యాఖ్యాత కూడా అడగలేదు, అంత బాగుంది సినిమా.

ఇతివృత్తం మూడు రకాలు: ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం. అల్లూరి 1924లో, కొమురం భీం 1940లో అమరులయ్యారు. వాళ్లిద్దరినీ స్నేహితులను చేసిన ‘ఆర్ఆర్ఆర్’ మిశ్రానికి ఉదాహరణ. కురుక్షేత్రం నుంచి భవిష్యత్తులోకి దూకిన ‘కల్కి 2898 ఏడీ’ ఇంకొకటి. దీని మీద ఇంతకంటే చర్చ అక్కర్లేదు.

ఇక మూడో పాదం. పద్యానికి ప్రాణమూ దోషమూ రెండూ ఇక్కడే ఉన్నాయి.

పూర్వపక్షం: ‘కథ పాతది కనుక సినిమా బాగాలేదు.’

సమాధానం: అట్లనరాదు. సినిమా బాగాలేదు కనుక కథ పాతదని తోచింది. బాగున్న సినిమా కథ పాతదో కొత్తదో మెట్లు దిగేటప్పుడు ఎవరూ వాకబు చేయరు. నిదర్శనంగా ఒక చిన్న చిత్రాన్నీ, ఒక మహాచిత్రాన్నీ పక్కపక్కన పెడదాం.

2023 మార్చిలో వచ్చిన ‘బలగం’లో కొమురయ్య తాత చనిపోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టదంటే, ఇరవై ఏళ్ల కిందట విందులో నల్లిబొక్క దగ్గర బామ్మర్దితో మాటామాటా పెరిగి, అలిగిపోయిన అల్లుడు మళ్లీ గడప తొక్కలేదు. ఇంటి ఆడబిడ్డ పుట్టింటికి దూరమైంది. ఇదీ వస్తువు. ఊళ్లలో తెర కట్టి ఈ సినిమా చూసుకున్నారు, చూసి ఏడ్చారు.

2024 డిసెంబరులో వచ్చిన ‘పుష్ప 2’ నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. ఎర్రచందనం, సిండికేటు, విదేశాలు, జాతర, హెలికాప్టర్లు. ఈ సరంజామా అంతా పక్కకు జరిపి బీజం వెతికితే దొరికేది ఒక ఫొటో. ముఖ్యమంత్రితో ఫొటో దిగి రమ్మని భార్య అడిగింది, స్మగ్లరుతో దిగనని ఆయన అన్నాడు, ఆ మాటకు పుష్పరాజు ముఖ్యమంత్రినే మార్చడానికి పూనుకున్నాడు. ఆ ఫొటో కింద ఇంకా లోతుగా తవ్వితే మొదటి భాగం నుంచీ ఉన్న పుండు కనిపిస్తుంది. తండ్రి ఇంటిపేరు వాడుకోనివ్వని సవతి అన్న. కథ ముగిసేదీ అక్కడే, ఆ ఇంటివాళ్లు అతణ్ని తమవాడని ఒప్పుకున్నప్పుడు.

నల్లిబొక్క, ఫొటో. రెండు చోట్లా నలుగురిలో చిన్నబుచ్చబడిన మనిషి ఉన్నాడు, మూసుకున్న పుట్టింటి తలుపు ఉంది. కథ ఒకటే, అదీ చాలా పాతది. తేడా చికిత్సలో ఉంది. ఒక సినిమా అలిగినవాడి చేతికి ప్రభుత్వాన్ని కూలగొట్టే బలం ఇచ్చింది. ఇంకో సినిమా చేసినవాళ్లనూ పడినవాళ్లనూ చావింట్లో పక్కపక్కన కూర్చోబెట్టి, కాకి వచ్చేదాకా లేవనివ్వలేదు. మొదటిదానికి ఈల వేశాం. అయితే మన ఇళ్లలో పనికొచ్చే చికిత్స రెండోది. ముఖ్యమంత్రిని మార్చగల అల్లుళ్లు మనలో ఎందరున్నారు? కొన్నిచోట్ల ‘బలగం’ చూసి విడిపోయిన అన్నదమ్ములు మళ్లీ మాట కలిపారని కూడా చెప్పుకున్నారు. ‘పుష్ప 2’ చూసి ఎవరికీ ఇంటిపేరు దొరికినట్టు వినలేదు.

ఇంత ఉండగా కవి ‘కథయు పాతదేను’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. హాఫుల లెక్క తీయగలిగినవాడు, హీరో కావాలనుకున్నదేమిటి, అది దొరకడానికి ఎవరు ఎంత చెల్లించారు అని ఒక్క గణం ఖర్చు పెట్టి అడిగి ఉండవచ్చు. యతి కోసమే అడగలేదని సరిపెట్టుకుందాం.

శాస్త్రంలో ఇక మిగిలింది పతాక, అంటే ప్రధానకథకు తోడు నడిచే ఉపకథ. 2025 జనవరిలో వచ్చిన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో పెద్ద కంపెనీ అధిపతి కిడ్నాపవడం ప్రధానకథ. మాజీ ప్రియురాలు పోలీసు అధికారిగా వచ్చి హీరోను సాయమడిగితే, నేనూ వస్తానని అతని భార్య భాగ్యం బయలుదేరడం ఉపకథ. అది ప్రధానకథను పూర్తిగా మింగేసింది. ఆ అధిపతి ఎలా విడుదలయ్యాడో చూసినవాళ్లలో ఇప్పుడు ఎందరు చెప్పగలరో గానీ, రాజమండ్రి ఇంట్లో భాగ్యం చిటపటలాడిన మాటలు మాత్రం అందరికీ నోటికొచ్చు. శాస్త్రప్రకారం ఇది దోషం. పండక్కి మూడు తరాలూ ఒకే వరుసలో కూర్చుని నవ్వారు కాబట్టి దోషాన్ని పరిహరించడమైనది.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో నాలుగో పాదం ‘ఓటిటీన చూడ నోర్వవచ్చు’ అని ఉంది. గణాలు సరిపోయాయి, యతీ చెడలేదు. విడుదలై నెల తిరిగేసరికి సినిమా ఇంట్లోనే దొరుకుతున్న రోజుల్లో పుట్టిన పాఠం గనుక అర్వాచీనమని స్పష్టం. పండితులు ‘ఒక్కసారి’నే సమర్థిస్తారు. థియేటర్ల యజమానులు కూడా పండితుల పక్షమే.