తువ్వాలుకు చోటు లేదు

మికొనొస్ ఏజియన్ సముద్రంలోని సైక్లడీస్ దీవుల్లో ఒకటి. విస్తీర్ణం 85 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, జనాభా పదివేల పైచిలుకు. వానలు తక్కువ, చెట్లు తక్కువ, ఆగస్టులో మెల్తెమి గాలి ఒకటే హోరు. అంత బీద నేల మీద ఏపుగా పెరిగే పంట ఒక్కటే: గొడుగు.

గొడుగు, దాని కింద రెండు పడక కుర్చీలు, మధ్యన చిన్న బల్ల. ప్సారూ వంటి పేరుమోసిన తీరాల్లో వీటికి వరసలుంటాయి. మొదటి వరసకు సముద్రం కనబడుతుంది. రెండో వరసకు మొదటి వరస వీపులు కనబడతాయి. ఆ వెనకున్నవారికి బిల్లు మాత్రమే కనబడుతుంది.

కొన్నిచోట్ల కుర్చీ అద్దెతో పని తీరదు. ‘కనీస ఖర్చు’ పేరుతో ఒక మొత్తం ముందే ఖాయం చేస్తారు. ఆ మేరకు తిని తాగాల్సిందే. ఆకలి లేకపోవడం అతిథి సొంత సమస్య.

గొడుగు ఉన్నది ఎండ ఆపడానికి. ఎండ కోసమే ఇంత దూరం వచ్చిన అతిథి గొడుగుకు డబ్బు కట్టి, దాని నీడ పడని వైపుకు కుర్చీ జరుపుకుంటాడు. మధ్యాహ్నానికి నీడ మళ్లీ మీదికొస్తే మళ్లీ జరుగుతాడు. కొన్న సరుకు నుంచి రోజంతా పారిపోవడం ఇక్కడ విలాసం.

గ్రీకు చట్టం ప్రకారం సముద్రతీరం ప్రజల ఆస్తి. దాన్ని ప్రభుత్వం లీజుకిస్తుంది. 2023 వేసవిలో పొరుగు దీవి పారొస్ జనం తువ్వాళ్లు పట్టుకుని తీరాల మీదికొచ్చి మా చోటేదని నిలదీశారు. 2024లో కొత్త చట్టం వచ్చింది. నీటి అంచు నుంచి నాలుగు మీటర్లు ఖాళీగా ఉండాలి, కనీసం సగం చోటు వదలాలి. అతిక్రమణ కనిపిస్తే ఫిర్యాదుకు ‘మైకోస్ట్’ యాప్ ఉంది. అంటే ఈతకొచ్చిన మనిషి తడి చేత్తో ఫోన్ తీసి, తన ఇసుక మీద తాను కూర్చోవడానికి అర్జీ పెట్టుకోవాలి.

ఇది అత్త సొమ్ము అల్లుడు దానం కూడా కాదు. దానమైతే ఎవరికో ఒకరికి ఊరికే దక్కేది. ప్రజల ఇసుకను ప్రజలకే వరసల లెక్కన అమ్మడం దోపిడీ. దాన్ని కనిపెట్టే పనిని దోపిడీకి గురైనవాడి నెత్తినే రుద్దడం సర్కారు సిగ్గుమాలినతనం. 2023 మార్చిలో, మికొనొస్ నిర్మాణాల ఫైళ్లు చూసే పురావస్తు అధికారిని ఏథెన్స్‌లో ఆయన ఇంటి బయటే చావగొట్టారు. సహోద్యోగులు పని ఆపి నిరసించారు. నిబంధన అమలు చేయాల్సిన ఉద్యోగికే భద్రత లేని దేశంలో, అదే పని యాప్ పట్టుకున్న యాత్రికుడు చేస్తాడట!

మిగతా ఆకర్షణలు క్లుప్తంగా. ఊరి సొంత తిండి కొపనిస్తి అనే ఘాటు జున్ను, లూజా అనే ఎండబెట్టిన పంది మాంసం. ఖరీదైన తీరాల్లో వడ్డించేది సుషీ. ఊళ్లోని లిటిల్ వెనిస్ పేటలో పొద్దు ఉచితంగానే గుంకుతుంది, చూసే కుర్చీకే వెల. పారడైజ్ తీరపు క్లబ్బుల్లో రాత్రి మొదలయ్యేది అర్ధరాత్రి దాటాకే. 2025 జూలై నుంచి, సీజన్‌లో క్రూజ్ ఓడ దిగే ప్రతి ప్రయాణికుడికీ 20 యూరోల రుసుము.

పడవలో అరగంట వెళితే డీలోస్, గ్రీకు పురాణాల్లో అపొల్లో పుట్టిన దీవి. 1990 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. అక్కడ రాత్రి బస నిషిద్ధం. శిథిలాలకు దక్కిన రక్షణలో సగం బతికున్న మనుషుల తీరానికి దక్కినా, ఈ యాప్‌తో ఎవరికీ పని ఉండదు.